తోడు తీగ

మా ఇంట్లో వాళ్లు నన్ను నోరున్న మనిషి అంటారు. నిజమే. వాట్‌గంజ్‌లో నీళ్ల కుళాయి దగ్గర నుంచి ఏక్‌బాల్‌పూర్ కూరగాయల బండి దాకా నాతో మాటకు మాట దిగి గెలిచినవాళ్లు తక్కువ. అలాంటిదాన్ని, పోయిన ఏడాది దుర్గా పూజ సెలవుల తరువాత మూడు రోజుల పాటు నోరు విప్పలేకపోయాను. ఆ మూడు రోజుల సంగతే ఇది.

ఇరవై ఆరేళ్లుగా నేను బండ్లకు వైర్లు కడుతున్నాను. బండి నడపడం రాదు, బండి లోపలి తీగలు మాత్రం కళ్లు మూసుకుని కట్టగలను. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక ట్రంకు పెట్టెల దుకాణం మీద మేడ గదిలో మా కార్ఖానా. గదిలో వాలుగా నిలబెట్టిన పెద్ద పెద్ద చెక్క బల్లలుంటాయి. బల్ల మీద బండి వైర్ల బొమ్మ అసలు కొలతలోనే గీసి ఉంటుంది. ఆ గీతల వెంబడి మేకులు కొట్టి ఉంటాయి. ఎర్ర తీగ ఏ మేకు చుట్టూ తిరగాలో, నల్ల తీగ ఎక్కడ చీలాలో చూసుకుంటూ, బల్ల ముందు అటూ ఇటూ నడుస్తూ తీగలు పరుస్తాం. తరువాత అన్నిటినీ కలిపి నల్ల టేపు చుట్టేస్తాం. దాన్ని మేం కట్ట అంటాం. తొమ్మిది మంది ఆడవాళ్లం. అందులో ఆరుగురం మా శ్రీకాకుళం వైపు వాళ్లమే, బెంగాలుకు వలసొచ్చి ఇక్కడి ఓడరేవు డాకుల్లో పని చేసినవాళ్ల కూతుళ్లం, కోడళ్లం.

మా నాన్న ఖిదిర్‌పూర్ డాకులో ఓడ లోపల సరుకు కదలకుండా తాళ్లతో బిగించే పని చేసేవాడు. ముడి వేశాక తాడు చివర మూరెడు ఎప్పుడూ వదిలేసేవాడు. మేస్త్రీ తాడు దండగ చేస్తున్నావని తిట్టినా వినేవాడు కాదు. "రేపు ఏ రేవులోనో ఇప్పేవోడు కూడా మన్లాంటోడే గదే, ఆడి సేతికి పట్టు ఉండాల" అనేవాడు. ఆ మాట నాకు ఎముకల్లో పట్టేసింది. నేను పనిలో చేరిన కొత్తలోనే ప్రతి కట్టలోనూ అవసరానికి మించి ఒక తీగ పెట్టడం మొదలుపెట్టాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా పోతుంది, దేనికీ తగలదు, రెండు చివర్లా టేపు చుట్టి మూసేసి ఉంటుంది. బండి పాతబడి లోపల ఏ తీగైనా కాలిపోతే మెకానిక్ మొత్తం విప్పక్కర్లేదు. ఆ ఖాళీ తీగని రెండు వైపులా కలుపుకుంటే పని జరిగిపోతుంది. మేం దాన్ని తోడు తీగ అనేవాళ్లం.

గార్డెన్ రీచ్ రోడ్డు పొడుగునా మెకానిక్‌లకు ఈ సంగతి తెలుసు. బానెట్ ఎత్తి టేపు చివర వేలితో తడిమి చూసి, "ఇది దిదీల చేతి కట్ట" అని, అక్కల చేతిదని, చెప్పేవాళ్లట. ఒకసారి ఒక ముసలి మెకానిక్ మెట్లెక్కి వచ్చి మరీ మాకందరికీ మిఠాయి పెట్టి వెళ్లాడు. నాకు ఏ బడిలోనూ దొరకని మర్యాద అది. గర్వపడ్డాను, ఎందుకు అబద్ధం చెప్పాలి.

రెండేళ్ల కిందట మా యజమాని, మేమంతా దాదా అని పిలిచే బెంగాలీ ఆయన, ఒక కొత్త పని తెచ్చాడు. ఊరి బయట ఒక కంపెనీ కరెంటుతో నడిచే చిన్న వ్యాన్లు తయారు చేస్తోంది, వాటికి కట్టలు మనమే కట్టాలి అన్నాడు. మేం సంబరపడ్డాం. బొమ్మ వచ్చాక రెండుసార్లు తిప్పి తిప్పి చూశాను. పాత వ్యాను ముందు భాగం కట్ట నా మణికట్టంత లావుండేది. ఇది బొటనవేలంత కూడా లేదు.

"మిగతా తీగలేవి దాదా?" అని అడిగాను.

"అంతే దిది. మిగతాదంతా కంప్యూటర్ చూసుకుంటుంది" అన్నాడు.

ఆ కంప్యూటర్ సంగతి మాకు విప్పి చెప్పింది కంపెనీ నుంచి వారానికోసారి వచ్చే ఇంజనీరమ్మాయి. తెలంగాణ పిల్ల. మేం తెలుగువాళ్లమని తెలియగానే ల్యాప్‌టాప్ పక్కన పెట్టి నేల మీద మా మధ్యన కూర్చుండిపోయింది. "అక్కా, ఇదివరకు బండి కట్టినంక వైర్లు గుంజేటోళ్లు. ఇప్పుడు ముందుగాల సాఫ్ట్‌వేర్ రాస్తున్నరు, దాని సుట్టూ బండి కడుతున్నరు" అంది. ఇదివరకు దీపానికో తీగ, హారన్‌కో తీగ, అద్దానికో తీగ. ఇప్పుడు రెండే రెండు సన్న తీగలు మెలేసుకుని పోతాయి. దీపం వెలగాలన్నా అద్దం దిగాలన్నా ఆ రెంటిలోనే కబురు వెళుతుంది, చివర ఉన్న చిన్న పెట్టె దాన్ని చదువుకుంటుంది. ఇంకో రెండేళ్లకు వచ్చే బండిలో ఈ మాత్రం కట్ట కూడా ఉండదట. ముందొక పెట్టె, వెనకొక పెట్టె. ఆ ముక్కలు ఏ ఊళ్లోనో మర చేతులు కట్టేస్తాయట.

ఆ పిల్ల అదంతా ఎంతో ఉత్సాహంగా చెబుతోంది. మా తొమ్మిది మందిలో ఒక్కరం కూడా నవ్వలేదు.

పని తీరూ మారిపోయింది. ఇదివరకు తీగ తక్కువైతే దాదా ఎజ్రా స్ట్రీట్‌కి మనిషిని పంపి తీగ చుట్ట తెప్పించేవాడు. ఇప్పుడు అలా కుదరదు. కంపెనీ చెప్పిన చోట నుంచే, సీలు వేసిన చుట్టలే రావాలి. ప్రతి చుట్టకూ నల్ల చుక్కల గళ్ల స్టిక్కరు. కట్టిన ప్రతి కట్టకూ ఇంకో స్టిక్కరు. దాన్ని ఫోనుకు చూపిస్తే ఆ కట్ట ఎవరు కట్టారు, ఏ పూట కట్టారు, ఏ బండిలోకి పోయింది, అన్నీ తెలుస్తాయి. మాకందరికీ నెంబర్లిచ్చారు. నాది నాలుగు. బొమ్మ కూడా ఇప్పుడు కాగితం మీద రాదు, తెర మీద వస్తుంది. పొద్దున్న ఒకలా ఉంటుంది, మధ్యాహ్నం అన్నం తినొచ్చేసరికి ఎక్కడో కూర్చున్నవాడు ఒక తీగని జానెడు తగ్గించేసి ఉంటాడు. మేకు పీకి మళ్లీ కొట్టుకోవాలి. ఎందుకు తగ్గించారో మాకెవరూ చెప్పరు.

"బొమ్మలో ఉన్నది ఉన్నట్టు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు" అని దాదా గట్టిగా చెప్పాడు.

వినలేదు నేను. నాకు మండింది. ఇరవై ఆరేళ్లు కట్టినదాన్ని, నాకు బొమ్మ చెబుతుందా అనుకున్నాను. వ్యాను ముందు భాగం కట్టలన్నీ నా బల్ల మీదే కట్టేవాళ్లం. మూల పడి ఉన్న పాత ఎజ్రా స్ట్రీట్ చుట్టల్లోంచి తీగ తీసి, ప్రతి కట్టలోనూ ఒక తోడు తీగ పెట్టేశాను. పరీక్ష చేసే పెట్టెకు తగిలిస్తే పచ్చ దీపమే వెలిగింది. దానికి తన జాబితాలో ఉన్న తీగలే తెలుసు. దేనికీ తగలని తీగ దానికి కనపడదు. చూశావా, నీకంటే నేనే నయం అని ఆ పెట్టెతో పైకే అన్నాను. మా వాళ్లు పకపకా నవ్వారు.

అలా నలభై కట్టలు వెళ్లాయి.

అందులో ఒకటి మా వీధికే వచ్చింది. మా మనవరాలిని బడికి తీసుకెళ్లే పూల్ కార్ ఆయన పాత డొక్కు వ్యాను అమ్మేసి, ఆ తెల్లటి కరెంటు వ్యాను కొన్నాడు. పిల్లలు ఆయన్ని కాకు, అంటే బాబాయ్, అంటారు. చప్పుడు లేదు, పొగ లేదు. మా మనవరాలు, పక్కింటి పిల్లా, ఇంకో ఆరుగురు పిల్లలూ ఎక్కుతారు. "మీ అమ్మమ్మ కట్టిన తీగలే ఇందులో ఉన్నాయి" అని నేను దానికి బానెట్ చూపించాను. అది వెళ్లి బడంతా చెప్పుకుంది. మా అమ్మాయి పొద్దున్న ఏడింటికే షాపులో పనికి వెళ్లిపోతుంది కాబట్టి పిల్లని పది గంటలకు వ్యాను ఎక్కించే పని నాదే. వెనక అద్దం పక్క సీటు మా దానిది. ఆ సీటు కోసం దానికీ పక్కింటి పిల్లకీ రోజూ పేచీ.

పూజ సెలవులు అయి బడి తెరిచిన వారంలో, సాయంత్రం అటుకులు తింటూ అది అంది.

"అమ్మమ్మా, మా బండి రోడ్డు మజ్జిన తొంగుండిపోతాది తెలుసా?"

"బండి తొంగోడమేటే?"

"అవును. ఒక్కసారి ఆగిపోతాది. అప్పుడు కాకు తాళం తీసీసి, పది లెక్కెట్టమంటాడు. అందరం గట్టిగా లెక్కెడతాం. పది అనేసరికి లేచిపోతాది!" అని చప్పట్లు కొట్టింది.

నేను నవ్వాను. కొత్త బండి కదా, ఏదో ఉంటుందిలే అనుకున్నాను. అప్పటికి నాకు భయం లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంజనీరమ్మాయి తన వారం కాకుండానే వచ్చింది. మొహంలో ఎప్పటి నవ్వు లేదు. దాదా గదిలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. నన్ను పిలిచారు. తెర మీద ఒక గీత సాఫీగా పోతూ పోతూ మధ్యలో వణికి, తెగిపోయి, మళ్లీ మొదలవుతోంది.

"గిది పెడల్ నుంచి పెట్టెకు పొయ్యే కబురు అక్కా. బండి మంచిగనే పోతుంటది. ఉన్నట్టుండి కబురు గందరగోళం అయితది. కంప్యూటర్‌కు అనుమానమొచ్చి మోటారు బంద్ చేస్తది. ఎన్నో బండ్లల్ల గిట్లయితున్నది. మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తప్పేమో అని పొద్దుగాల్నుంచి అదే దేవులాడుతున్నరు. ఒక బండి తెప్పించి చూస్తే దాంట్ల ఏం కనబడలే. కట్టే తీరుల ఏమన్నా మార్చిన్రా మీరు?"

పెడల్ నుంచి పెట్టెకు పోయే ఆ మెలేసిన తీగల పక్కనే నా తోడు తీగ పోతుంది. తగలని తీగ ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. ఇరవై ఆరేళ్లలో ఎప్పుడూ ఏమీ చెయ్యలేదు. కానీ ఆ నలభై కట్టల్లోనూ బొమ్మలో లేనిది అదొక్కటే.

"నేదమ్మా. బొమ్మలో ఉన్నట్టే కట్టినాం" అన్నాను.

దాదా నా వైపు చూసి తలాడించాడు. ఇన్నేళ్లలో నా పని మీద ఆయనకు అనుమానం రాలేదు. ఆ నమ్మకం చూసి ఇంకా భయమేసింది. చెబితే ఏమవుతుంది? కంపెనీ పని తీసేసుకుంటుంది. తొమ్మిది మంది ఇళ్లకు పోతారు. ఇప్పటికే తీగలు తగ్గిపోతున్న రోజుల్లో, ఆడాళ్లు ఇష్టం వచ్చినట్టు కడతారన్న మాట ఒక్కటి చాలు, ఆ ఉన్న పని కూడా మర చేతులకు పోవడానికి. నాలుగో నెంబరు ఆమె తప్పు అని ఎక్కడో రాసి ఉంటుంది. ఆ రాసినది ఎవరూ చెరపలేరు. ఇవన్నీ ఆలోచిస్తూ బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాను.

ఇంటికొచ్చే దారిలో అసలు సంగతి తట్టింది. ఖిదిర్‌పూర్ వంతెన దిగగానే రోడ్డు ఎలా ఉంటుందో మా వాళ్లెవరికీ చెప్పక్కర్లేదు. డాకుల్లోంచి కంటైనర్లు మోసే ట్రైలర్లు ఒకదాని తోక ఇంకోటి పట్టుకుని వస్తుంటాయి. ఆ ట్రైలర్ ఆగాలంటే ఎంత దూరం కావాలో మా నాన్న చెబుతుండేవాడు. దాని ముందు ఆ తెల్ల వ్యాను ఉన్నట్టుండి ఆగిపోతే? లోపల పిల్లలు పది లెక్కపెడుతూ ఉంటే?

దారిలో ఒక గోడ పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. మర్నాడు పొద్దున్న మా అమ్మాయికి, "గుంటకి ఒళ్లు ఎచ్చగా ఉన్నాది, బడికి పంపను" అన్నాను. అది పనికెళ్లే తొందరలో పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టీ పెట్టకుండా, సరేనని వెళ్లిపోయింది. పది గంటలకు వ్యాను వచ్చింది. మా మనవరాలు కిటికీ దగ్గర ఏడుపు మొహంతో నిలబడి ఉంది. పక్కింటావిడ తన కూతురిని ఎక్కిస్తూ నన్నడిగింది.

"ఏటి వదినా, మీ గుంటని ఎక్కించవేటి?"

"జొరం వచ్చినాది."

"అయ్యో! మందేసినావా?"

"ఏసినాను."

పక్కింటి పిల్ల గబగబా వెనక సీట్లోకి దూరి, అద్దం దగ్గర కూర్చుని మా దానికి వెక్కిరింపుగా చెయ్యి ఊపింది. తలుపు మూసుకుంది. వ్యాను చప్పుడు లేకుండా సందు తిరిగిపోయింది. నేను ఆ తలుపు మీద చెయ్యి వేసి ఆపొచ్చు. కాకూ, ఈ బండి తియ్యకు అని ఒక్క ముక్క అనొచ్చు. మా పిల్లని ఆపాను, మిగతా ఏడుగురినీ పంపించాను.

రెండో రోజూ అదే చేశాను, పిల్లని కింది వాటా ముసలమ్మకు అప్పగించి పనికెళ్లాను. పని దగ్గర ఫోను మోగినప్పుడల్లా దాదా మొహం వైపు చూసేదాన్ని. బయట అంబులెన్స్ కూత వినపడితే టేపు పక్కన పెట్టి అది ఎటు పోతోందో వినేదాన్ని. సాయంత్రం పక్కింటి పిల్ల వీధిలో గెంతుతూ కనపడితే దేవుడా అనుకుని ఊపిరి పీల్చుకునేదాన్ని. పీల్చుకుని మళ్లీ మర్నాటి గురించి భయపడేదాన్ని. ఇంజనీరమ్మాయి రోజూ వస్తోంది, దాదా గదిలో కూర్చుని ఆఫీసు వాళ్లతో ఫోనులో మాట్లాడుతోంది. వాళ్లకు ఇంకా ఏమీ దొరకలేదు. దొరికితే బాగుండునని ఒకసారి, దొరక్కపోతే బాగుండునని ఇంకోసారి అనుకున్నాను. ఏం మనిషిని నేను!

మూడో రోజు వ్యాను వెళ్లాక నేనూ బయల్దేరాను. వంతెన దిగి రోడ్డు దాటడానికి నిలబడ్డాను. వ్యాను ఎవరో ఇంకో పిల్ల ఇంటి దగ్గర ఆగి వచ్చినట్టుంది, నా వెనకే వంతెన మీద నుంచి దిగుతూ కనపడింది. దాని వెనక ట్రైలర్. ట్రైలర్ మీద ఎర్ర కంటైనర్.

నా ముందుకు వచ్చేసరికి వ్యాను ఆగిపోయింది. బ్రేకు వేసినట్టు కాదు. ఊపిరి ఆగినట్టు ఆగిపోయింది.

ట్రైలర్ గాలి బ్రేకులు కీచుమన్నాయి. చక్రాలు జారుతున్నాయి, పొగ వస్తోంది. కంటైనర్ ఒక పక్కకు ఒరిగింది. ఓలమ్మో అని నేను అరిచిన అరుపు నాకే వినపడలేదు. ట్రైలర్ ముక్కు ఆ వెనక అద్దానికి మూరెడు దూరంలో ఆగింది. మూరెడు, అంతే.

అద్దంలో పక్కింటి పిల్ల మొహం ఉంది. అది వెనక్కి చూడటం లేదు. ముందుకు తిరిగి, అందరితో కలిసి గట్టిగా అరుస్తోంది. "ఎక్! దుయి! తిన్! చార్!" కిటికీల్లోంచి ఆ లెక్క రోడ్డంతా వినపడుతోంది. ట్రైలర్ డ్రైవరు కిందికి దూకి బూతులు తిడుతున్నాడు. పిల్లలు నవ్వుతూ లెక్కపెడుతున్నారు. పది దాకా వచ్చి దశ్ అన్నారు. వ్యాను కదిలింది, వెళ్లిపోయింది.

నేను పరిగెత్తాను. ఈ వయసులో, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, ఏక్‌బాల్‌పూర్ దాకా పరిగెత్తాను. మెట్లెక్కి దాదా గది తలుపు తోసేసరికి ఇంజనీరమ్మాయి లేచి నిలబడింది.

"కీ హోలో దిది?" అన్నాడు దాదా, ఏమైందని కంగారుగా.

"ఏమైందక్కా, గట్ల ఉన్నరేంది?" అంది ఆ పిల్ల.

"తోడు తీగ నేనే పెట్టినాను" అన్నాను. "అన్నిట్లోనూ పెట్టినాను. ముందు ఆ పూల్ కార్ ఆపమను. బేగి ఆపమను!"

అప్పటికి పిల్లలు బడి దగ్గర దిగిపోయారట. దాదా ఫోను చేస్తే కాకు ఖాళీ బండిని నెమ్మదిగా నడుపుకుంటూ కార్ఖానా సందులోకి తెచ్చాడు. ఇంజనీరమ్మాయి బండికి ల్యాప్‌టాప్ తగిలించి పెడల్ మెల్లగా తొక్కింది. తెర మీద గీత సాఫీగా ఉంది. ఇంకొంచెం గట్టిగా తొక్కింది. గీత వణకడం మొదలుపెట్టింది. నేను బానెట్ కింద టేపు కోసి, నా చేత్తో పెట్టిన తీగని నా చేత్తోనే బయటికి లాగాను. ఆ పిల్ల మళ్లీ తొక్కింది. గీత వణకలేదు. ఎంత తొక్కినా వణకలేదు.

"మోటారు కరెంటు గోల మీ తీగ పట్టుకుంటున్నదక్కా. పట్టుకుని పక్క తీగల చెవుల పోస్తున్నది. పాత బండ్లల్ల దీపాలకు గా గోల ఎక్కదు. ఈ కంప్యూటర్‌కు ఎక్కుతది" అంది.

తిట్టలేదు నన్ను. తిడితే బాగుండును. ఫోను తీసి ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడింది. స్టిక్కర్ల జాబితాలో నాలుగో నెంబరు కట్టలన్నీ తెర మీదికి వచ్చాయి. నలభై బండ్లు. ఏది ఏ ఊళ్లో ఉందో, ఏది నిలబడి ఉందో, ఏది నడుస్తోందో చుక్కలు చుక్కలుగా కనపడుతున్నాయి. "ఆగిన బండి ఆగినట్టే ఉంటది. నడుస్తున్నయి ఒకసారి ఆగితే మళ్లీ నడిచే మనిషి కన్నా ఎక్కువ జోరు పోవు" అంది. అరగంటలో, ఆఫీసు వాళ్లు కుర్చీల్లోంచి లేవకుండా, అన్నిటినీ ఆపేశారు. కాకు ఫోనుకు కూడా కబురొచ్చింది, సర్వీసుకు ఇవ్వమని. నేను నిలబడి చూస్తున్నాను. ఇంత సులువు. మూడు రోజుల కిందట నేను ఒక్క మాట అని ఉంటే ఇంతే సులువుగా అయిపోయేది.

నన్ను పనిలోంచి తియ్యలేదు. దాదా వారం రోజులు నా మొహం చూసి మాట్లాడలేదు, అంతే. నలభై బండ్లూ ఒక్కొక్కటే ఊరి బయట షెడ్డుకు వచ్చాయి. నేనే వెళ్లి, టేపు కోసి, తీగ తీసి, మళ్లీ చుట్టాను. తీసిన తీగలన్నీ ఒక మూల కుప్ప పడ్డాయి. మా నాన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా ఏడుపొచ్చింది. మంచి మాటే అది, ఆ తాళ్లకు. కంపెనీ లెక్కల్లో మాత్రం అంతా రాసుకున్నారు. తీగ ఏ చుట్టలోది, ఎవరు పెట్టారు, ఏ పూట పెట్టారు, ఎన్ని బండ్లు ఎన్నిసార్లు ఆగాయి. ఇంజనీరమ్మాయి నాకు చదివి వినిపించింది. తప్పు తానే వచ్చి చెప్పింది అని కూడా చివర రాసింది. నేను మా పిల్లని మూడు రోజులు ఇంట్లో దాచుకున్న సంగతి అందులో లేదు. ఏ స్టిక్కరూ దాన్ని పట్టుకోలేదు.

రెండు వారాలకు పూల్ కార్ బాగై తిరిగొచ్చింది. పది గంటలకు సందు మొగలో తల్లులంతా నిలబడి ఉన్నారు. సంగతి అందరికీ తెలిసిపోయింది, కాకు చెప్పుకుంటూ తిరిగాడు. పక్కింటావిడ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్లలో నీళ్లు.

"నువ్వు పరిగెత్తుకెల్లి సెప్పబట్టి గదా వదినా, మా పిల్లలు బతికినారు. నీ కడుపు సల్లగుండ" అంది.

మిగతావాళ్లు కూడా తలా ఒక మాట అన్నారు. నేను చేతులు విడిపించుకోలేదు. తలొంచుకుని, మంచిదానిలా నిలబడి, ఆ మాటలన్నీ వింటున్నాను.

మా మనవరాలు వ్యాను మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది. ఎన్నాళ్ల నుంచి మనసులో పెట్టుకుందో, గట్టిగానే అడిగింది.

"అమ్మమ్మా, అప్పుడు నాకు జొరం నేదు గదా. మరెందుకు బడికి పంపలేదు?"

పక్కింటావిడ చేతులు నా చేతుల మీద అలాగే ఉన్నాయి. ఆమె ముందు పిల్ల మొహం చూసింది, తరువాత నా మొహం చూసింది. నాకు ఎన్ని అబద్ధాలు వచ్చు! ఒక్కటీ నోటికి రాలేదు.

"నాకు అప్పుడే తెలుసు" అన్నాను.

ఆమె చేతులు తీసేసుకుంది. వ్యానులోకి వంగి, వెనక సీట్లో అద్దం దగ్గర కూర్చున్న తన కూతురిని ఎత్తి కిందికి దించింది. పిల్ల బడికి పోతానని కాళ్లు కొట్టుకుంటోంది. దాన్ని చంకన వేసుకుని, ఇంకో చేత్తో బడి సంచీ పట్టుకుని, పెద్ద రోడ్డు వైపు నడిచి వెళ్లిపోయింది. ఇప్పటికీ రోజూ అలాగే నడిపించుకు వెళుతుంది, ఆ వంతెన మీదుగానే. నా ముందు నుంచే వెళుతుంది.